గోడ పక్కన కారు

మార్చి 4

బావమరిదికి,

నీ పెద్ద కూతురి పెళ్లినాడు నువ్వు నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టావు. అది నేను మరిచిపోయాననుకుని మొన్న ఆ ఉత్తరం రాసినట్టున్నావు. మరవలేదు.

జీవితమంతా ట్రావెల్స్ బస్సు నడిపినవాణ్ణి. మీ వైపుగానీ మా వైపుగానీ ఏ పెళ్లి జరిగినా పెళ్లికూతురు ఎక్కిన బండి స్టీరింగు నా చేతిలోనే ఉండేది. నీ పెళ్లికీ అంతే. నువ్వు చెమటతో తడిసిపోతుంటే అద్దం దించింది నేనే. అలాంటిది నీ కూతురు అత్తవారింటికి బయలుదేరిన రోజు, మీసాలు కూడా సరిగా రాని ఎవణ్ణో డ్రైవరుగా తెచ్చావు. నన్ను కొత్త చొక్కాతో ఆ పెద్ద బండి ఆఖరి సీట్లో, పెట్టెల సందున, మీ అక్క పక్కన కూర్చోబెట్టావు. మండపం గేటు దాటేలోపే వాడు బండిని ఆర్పేశాడు. మళ్లీ స్టార్టు చేసి మళ్లీ ఆర్పాడు. నా కాలు చెప్పులోనే క్లచ్చు తొక్కుతూ ఉంది. బయట నిలబడ్డ తోటి డ్రైవర్లు కిటికీలోంచి తొంగిచూసి, "ఏంటన్నా, రిటైరైపోయావా?" అన్నారు. అప్పటికి నేను రిటైరు కాలేదు.

ఇప్పుడేమో, "బావా, ఆ దేశంలో కారు అద్దెకు తీసుకోకు, బస్సులూ రైళ్లూ బాగుంటాయి" అని రాశావు. పోయిన ఏడాది ఒక గుంపుతో వెళ్లి వచ్చావు కాబట్టి అన్నీ నీకే తెలుసు. నువ్వు రైల్వే కౌంటర్లో టిక్కెట్లు కొట్టినవాడివి. కింద పట్టాలు లేకపోతే నీకు కాళ్లాడవు. నా సంగతి అది కాదు.

మీ అక్క కుట్టుమిషను ఎదురుగా గోడ మీద ఒక పాత క్యాలెండరు ఉంది. సంవత్సరాలు మారినా దాన్ని తియ్యనివ్వదు. అందులో ఆ దేశపు సరస్సు బొమ్మ. "ఒక్కసారి ఆ నీళ్ల పక్కన నిలబడాలండీ" అంటూ ఉంటుంది. నేను తీసుకెళ్తున్నాను. బస్సులో ఎవడో తీసుకెళ్లేదానికి నేనెందుకు?

ఫోన్లో తిడదామంటే నీ చెవిలో మిషను కూత పెడుతుంది. అందుకే రాత రానివాణ్ణి రాస్తున్నాను. ఈ కాగితానికి ఒక పూట పట్టింది.

ఇట్లు,
నీ బావ


మార్చి 13

బావకు నమస్కారాలు.

నీ ఉత్తరం రాయడానికి నీకు ఒక పూట పట్టిందన్నావు. చదవడానికి నాకు అంతకంటే ఎక్కువే పట్టింది. మా ఆవిడ భూతద్దం పట్టుకుంది.

పెద్దదాని పెళ్లి సంగతి ఇన్నేళ్లు కడుపులో పెట్టుకుని ఇప్పుడు కక్కావు. దానికొక కారణం ఉంది. చెప్పనని ఒకరికి మాటిచ్చాను, కాబట్టి చెప్పను. నిన్ను చిన్నచూపు చూసి చేసింది కాదని మాత్రం నమ్ము.

ఇక కారు సంగతి. అక్కడ బండ్లు రోడ్డుకు మనకు అలవాటైన పక్కన నడవవు. స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. గేర్లు వాటంతటవే మారతాయి. నువ్వు గొప్ప డ్రైవరువే, కాదనను. కానీ నీ చేతులకూ కాళ్లకూ ఇన్నేళ్లుగా ఒకటే తెలుసు. బస్సయితే నేను చెప్పిన లాడ్జి ఎదురుగానే ఆగుతుంది. అదే సరస్సు దాకా వెళుతుంది. వారానికి ఒక కార్డు తీసుకుంటే బస్సు, రైలు, పడవ అన్నీ దాంతోనే. ఎక్కేటప్పుడు డ్రైవరు పక్కనున్న మిషనుకు కార్డు తాకిస్తే చాలు, దిగేముందు ఎర్ర బటను నొక్కాలి.

ఇంకో మాట. నడిపేవాడికి రోడ్డు తప్ప ఏం కనిపిస్తుంది? దేశమంతా తిరిగావు గదా, ఒక్క ఊరైనా తీరిగ్గా చూశావా? అసలు అక్కను అడిగావా, ఆవిడకు ఏది ఇష్టమో?

అక్కకు నా నమస్కారాలు చెప్పు. మోకాళ్లకు తైలం రాసుకుంటోందో లేదో రాయి.

నీ బావమరిది


మార్చి 21

బావమరిదికి,

ఊళ్లు చూడలేదని ఎవరన్నారు. ప్రతి ఊళ్లో బస్టాండు చూశాను.

మీ అక్కను అడిగాను. "మీ ఇష్టం" అంది. అంటే సరేనని. విదేశంలో నడపడానికి అనుమతి కాగితం వచ్చింది. కళ్ల డాక్టరు గోడ మీద అక్షరాలు చదవమంటే ఆఖరి వరస దాకా చదివాను. నాకు చదువు రాదని నువ్వు నవ్వుతావు, ఆయన నవ్వలేదు. పక్కింటి టీచరమ్మ ఫోన్లో నొక్కి కారు కూడా చెప్పేసింది. ఇక నువ్వు చేసేదేం లేదు.

ఎవరికో మాటిచ్చావట. నాకు తెలియదనుకోకు. నీ పెద్దల్లుడి వాళ్లకే ఇచ్చి ఉంటావు. చదువుకున్న కుటుంబం, మేనత్త మొగుడు బండి నడుపుతూ కనిపిస్తే వాళ్లకు తలవంపులని. ఆ అల్లుడు ఆ తర్వాత నాకు ఎన్ని నమస్కారాలు పెట్టినా నేను ఊఁ అనే ఊరుకున్నాను. ఎందుకో ఇప్పుడు తెలిసిందా?

తైలం రాసుకుంటోంది. వాసనకు నేను వరండాలో పడుకుంటున్నాను.

నీ బావ


ఏప్రిల్ 12

బావమరిదికి,

ఈ ఉత్తరం పరదేశం నుంచి. ఇది నీకు అందేసరికి మేమే ఇంటికి చేరతామేమో. అయినా ఇక్కడ కూర్చుని రాస్తే అదో తృప్తి.

లాడ్జి బాగుంది. గది అగ్గిపెట్టెంత, కానీ పరుపు గట్టిది. కిటికీ తెరిస్తే ఎదురుగా బట్టలుతికే దుకాణం, దాని ఇటుక గోడ. లాడ్జి యజమానురాలు రోజూ మీ అక్క చీర అంచు పట్టుకుని చూస్తుంది. మాట తెలియకపోయినా వీళ్లిద్దరూ కుట్టు గురించే మాట్లాడుకుంటున్నారని నాకు అర్థమైంది.

కారు తీసుకున్నాం. తెల్లది. ఎడమవైపు స్టీరింగు అని ఏదో దయ్యంలా రాశావు. మొదటి మలుపు దాకానే వింత. ఆ తర్వాత ఏం లేదు.

సరస్సు చూశాం. క్యాలెండర్లో ఉన్నంత నీలంగా లేదు. మీ అక్క మాత్రం చెప్పులు విడిచి నీళ్లలో నిలబడి, "ఇంత చల్లగా ఉంటుందని బొమ్మలో తెలియలేదు" అంది. వచ్చేటప్పుడు దారంతా నిద్రపోయింది. ఆవిడ బండిలో నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు. నోరు కొంచెం తెరుచుకుంటుంది.

ఇక్కడి బస్సులూ పరవాలేదు. మా వీధి బస్సు ఒక ఆడమనిషి నడుపుతుంది. నీ చిన్న కూతురికంటే వయసులో కొంచెం పెద్దది ఉంటుంది. అంత పొడుగు బస్సును ఆ ఇరుకు మలుపులో తిప్పుతుంటే చూశాను. బ్రేకు వేసినట్టే తెలియదు. ఊరికే చెబుతున్నాను.

నీ బావ


ఏప్రిల్ 30

బావకు నమస్కారాలు.

క్షేమంగా ఇల్లు చేరారని తెలిసి సంతోషం. నీ ఉత్తరం అందింది. అక్క పంపిన ఫోటోలు మా ఆవిడ ఫోన్లో చూశాను. తెల్ల కారు మెరిసిపోతోంది. అక్క కట్టిన చీరలన్నీ బాగున్నాయి. కానీ ప్రతి ఫోటోలోనూ కారు ఆ ఇటుక గోడ పక్కనే ఉందేంటి? ఒకదాంట్లో వాన, ఇంకోదాంట్లో ఎండ, గోడ మాత్రం అదే. అంత నచ్చిందా?

సరే, నేను ఓడిపోయాను. ఒప్పుకుంటున్నాను. బస్సులంటూ నీకు నీతులు చెప్పాను. మా ఆవిడ అక్కకు ఫోన్ చేసి ప్రయాణం ఎలా సాగిందని అడిగితే, "ఒక్క కుదుపు తెలియలేదే, హాయిగా నిద్రపట్టేసింది" అందట. నీ ఉత్తరం నేను అందరికీ చదివి వినిపించాను. క్షవరం షాపులో కూడా. రైల్వే మిత్రులందరూ, "మీ బావ మొనగాడయ్యా" అన్నారు.

ఇక అసలు సంగతి. చిన్నదాని పెళ్లి జూన్ 14న ఖాయమైంది. పెళ్లికూతురి కారు నువ్వే నడపాలి. పెద్దదాని పెళ్లిలో జరిగినది నీ మనసులో ముల్లులా ఉండిపోయిందని నీ ఉత్తరం చూశాకే తెలిసింది. ఈసారి దాన్ని తీసేద్దాం. వియ్యాలవారు కొత్త కారు ఇస్తున్నారు, గేర్లు లేనిది. నీకు ఇప్పుడు అదేం కొత్త కాదు గదా. నీ గురించి విని వాళ్లు తమ డ్రైవరును కూడా వద్దన్నారు. చిన్నదైతే, "మామయ్య నడిపితేనే ఎక్కుతా, లేకపోతే మండపంలోనే కాపురం పెడతా" అంటోంది.

ఎప్పుడు బయలుదేరతారో రాయి.

నీ బావమరిది


మే 6

బావమరిదికి,

చిన్నదానికి నా దీవెనలు. పెళ్లికి వస్తాం. కారు నేను నడపను. ఎవణ్ణైనా పెట్టుకో. ఆ మీసాలు రానివాడికి ఈపాటికి వచ్చి ఉంటాయి.

కారణం అడగకు. నువ్వు నాకు చెప్పావా కారణం?

నా ఉత్తరాలు ఊళ్లో వాళ్లకు చదివి వినిపించమని నీకు ఎవరు చెప్పారు.

నీ బావ


మే 15

బావకు,

నీ ఉత్తరం చూసి చిన్నది గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. "మామయ్యకు నాన్న మీద కోపముంటే నా మీద తీర్చుకోవడమేంటి?" అంది. నాకూ బాధగా ఉంది బావా. చేతులు జోడించి పిలిచాను. క్షమించమన్నట్టే రాశాను. ఇన్నేళ్ల తర్వాత కూడా నువ్వు దిగి రానంటే, ఇక నా దగ్గర మిగిలింది ఒక్కటే. ఇచ్చిన మాట తప్పడం.

అప్పుడు నేను మాటిచ్చింది అల్లుడి వాళ్లకు కాదు. అక్కకు.

పెద్దదాని పెళ్లికి ముందు అక్క మా ఇంటికి వచ్చింది. వంటింట్లో పీట మీద కూర్చుని ఇలా అంది. అప్పుడు నా చెవులు బాగానే పనిచేసేవి కాబట్టి ఆవిడ మాటలే రాస్తున్నాను.

"తమ్ముడూ, ఒక్క పెళ్లిలోనైనా ఆయన్ని నా పక్కన కూర్చోనివ్వరా. నేను కాపురానికొచ్చిన దగ్గర్నుంచి చూస్తున్నా. ఏ పెళ్లికెళ్లినా నేను ఆడవాళ్లలో, ఆయన బండి దగ్గర. అందరూ తిన్నాక వంటలవాళ్ల వెనకాల డ్రైవర్లతో ఆయన భోజనం. దారిలో నాకు కనపడేది ఆయన మెడే. ఇంకెవరినైనా పెట్టు. నేనడిగానని మాత్రం చెప్పకు, చేతకాదన్నామనుకుంటారు."

ఆ డ్రైవరును తెచ్చింది అందుకు. నువ్వు వేసుకున్న ఆ కొత్త చొక్కా కుట్టింది కూడా ఆవిడే, దానికోసమే. పెద్దల బంతిలో నిన్ను నా పక్కన కూర్చోబెట్టాను, గుర్తుందా? నువ్వు విస్తరి వంక కూడా చూడకుండా లేచిపోయావు. బండిలో దారంతా కిటికీకి మొహం తిప్పుకుని కూర్చున్నావట. అక్క తర్వాత నాతో అన్నది ఒకటే మాట, "పోన్లే, పక్కన కూర్చున్నారుగా."

నా అల్లుడు నీకు ఏ పాపమూ చెయ్యలేదు.

ఇక నీ ఇష్టం.

నీ బావమరిది


మే 22

బావమరిదికి,

నీ ఉత్తరం మీ అక్కకు చూపించలేదు. చూపించే మొహం లేదు. ఆవిడ లోపల మిషను మీద చిన్నదాని జాకెట్లు కుడుతోంది. నేను వరండాలో కూర్చుని రాస్తున్నాను. మిషను ఆగినప్పుడల్లా నా చెయ్యి కూడా ఆగుతోంది.

నీ మీద కోపంతో కారు నడపనన్లేదు. నాకు నడపడం చేతకాలేదు. ఆ దేశంలో నేను కారు నడపలేదు.

మొదటి నుంచి చెబుతాను. అద్దె కార్ల కౌంటర్లో ఉన్న పిల్ల తాళం ఇచ్చింది. నేను డాబుగా వెళ్లి తలుపు తీసి కూర్చున్నాను. చెయ్యి చాపితే స్టీరింగు లేదు. ఎప్పుడూ తీసే తలుపే తీశాను, అది అక్కడ పక్కవాడు కూర్చునే వైపు. అద్దంలోంచి ఆ పిల్ల చూస్తోంది. ఏదో వెతుకుతున్నట్టు ఎదురుగా ఉన్న చిన్న అర తెరిచి, మూసి, దిగి, అటు వెళ్లి కూర్చున్నాను. మీ అక్క వెనక సీట్లో ఉంది.

లాడ్జి దగ్గరే. తిన్నగా వెళ్లి ఒక మలుపు, ఇంకో మలుపు. మొదటిది ముందు బండి వెనకే పోయి తిరిగాను. రెండోదాంట్లో ముందు ఎవరూ లేరు. చేతులు వాటికి తెలిసిన పక్కకే తిప్పాయి. ఎదురుగా బస్సు. నేను ఎప్పటిలాగే ఎడమకాలితో క్లచ్చు తొక్కాను. ఆ కారుకు క్లచ్చు లేదు. తొక్కింది బ్రేకు. బండి నడిరోడ్డు మీద బిగుసుకుని ఆగింది. మీ అక్క తల ముందు సీటుకు కొట్టుకుంది. దెబ్బేం తగల్లేదు. కానీ నా బండిలో ఆవిడ తల దేనికైనా కొట్టుకోవడం అదే మొదటిసారి.

బస్సు ఇంత దూరంలో ఆగింది. దాన్నిండా మొహాలు. రోడ్డు మీద ఎవడైనా అడ్డం వస్తే నేను అద్దం దించి వాడి తాతముత్తాతల దాకా వెళ్లేవాణ్ణి. బస్సులోంచి ఆ ఆడమనిషి దిగింది. తిట్టి ఉంటే నేనూ తిట్టి తేరుకునేవాణ్ణి. తలుపు తీసి, పక్కకు జరగమని చేత్తో చూపింది. జరిగాను. తను కూర్చుని కారును వెనక్కి తీసి, లాడ్జి ఎదుటి ఆ ఇటుక గోడ పక్కన సూది దింపినట్టు పెట్టింది. తాళం తీసింది. నేను చెయ్యి చాపాను. ఆవిడ నా చేతిలో పెట్టలేదు. వెనక తలుపు తీసి మీ అక్క చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఆ తాళం వారమంతా మీ అక్క సంచిలోనే ఉంది. నేనడగలేదు, ఆవిడ ఇవ్వబోలేదు.

మర్నాడు పొద్దున మీ అక్క, "నీళ్ల దగ్గరికి బస్సులో పోదాం పదండి, తమ్ముడు చెప్పాడుగా కార్డు సంగతి" అంది. ఆ వీధిలో వచ్చేది ఒకటే బస్సు. నడిపేది ఆవిడే. నేను మీ అక్కను ముందు తలుపు నుంచి ఎక్కించి, వెనక తలుపులోంచి దొంగలా ఎక్కాను. కార్డు తాకించే మిషను ముందర ఉంది. తలవంచుకుని అక్కడిదాకా వెళ్లాల్సి వచ్చింది. ఆవిడ అద్దంలో నన్ను చూసి తల ఊపింది. డ్రైవరు డ్రైవరుకు ఊపినట్టు కాదు. ముసలాయనకు ఊపినట్టు.

నీకు గొప్పగా రాసిందంతా ఆ బస్సులో సంగతులే. మీ అక్క నిద్రపోయింది నా భుజం మీద. ఇన్నేళ్లూ బండిలో ఆవిడ నిద్ర నేను చూడకపోవడానికి కారణం నువ్వు రాసేదాకా తట్టలేదు. నా వెనక కూర్చునేది గదా, ఎలా చూస్తాను? మీ ఆవిడతో ఒక్క కుదుపు తెలియలేదని చెప్పింది నిజమే. మీ అక్క అబద్ధమాడలేదు. ఎవరు నడిపారో చెప్పలేదంతే. అబద్ధం నాది.

ఫోటోల సంగతి ఇంకా సిగ్గుచేటు. రోజుకో చీర కట్టించి ఆ కారు పక్కన ఆవిణ్ణి నిలబెట్టి తీసింది నేనే. నీకు పంపమన్నది నేనే. "చీర మారిస్తే గోడ మారుతుందా అండీ" అంది. నాకు నవ్వు రాలేదు, ఆవిడకు వచ్చింది. ఆఖరిరోజు కారు తీసుకుపోవడానికి వచ్చినవాడు ఎంత తిరిగిందో మీటరు చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ మీటరు చూశాడు.

నీ ఉత్తరం వచ్చేదాకా ఇదే నా పెద్ద సిగ్గు అనుకున్నాను. కాదు. ఆ పెళ్లినాడు ఆవిడ అడిగి తెచ్చుకున్న సీట్లో కూర్చుని, దారంతా కిటికీలోకి చూస్తూ పళ్లు కొరికాను. ఆవిడ రెండుసార్లు నీళ్ల సీసా అందించింది, వద్దన్నాను. ఆ చొక్కా మళ్లీ వేసుకోలేదు. ఎక్కడుందో కూడా తెలియదు. నిన్న పెట్టె అడుగున వెతికాను, దొరకలేదు. ఏం వెతుకుతున్నారని అడిగింది. ఏం లేదన్నాను.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సినవి చెబుతున్నాను. నా గొప్పలు ఊరంతా చదివావు గదా, ఇదీ చదువు. ముందు చిన్నదానికి. మామయ్యకు కోపం లేదని, చేతకాలేదని చెప్పు. తర్వాత వియ్యాలవారికి, వాళ్ల డ్రైవరును మళ్లీ పిలుచుకోమని. తర్వాత క్షవరం షాపులో. నీ పెద్దల్లుడికి మాత్రం చదవకు, ఆయనకు నేనే ఎదురుగా నిలబడి చెప్పుకోవాలి.

చిన్నదాన్ని నా చేతులతో పంపలేను. ఆ కారులో ముందుండే మనిషికి భయం ఉండకూడదు, నాకు ఉంది. కానీ దాని వెనకాల వచ్చే బండిలోనైనా సరే, ఆఖరి సీట్లో, పెట్టెల సందునైనా సరే, మీ అక్క పక్కన ఒక చోటు నాకు కావాలి. ఈసారి ఆవిడ అడగలేదు, నేనడుగుతున్నాను. మొహం కిటికీ వైపు తిప్పను.

ఆ చోటు ఉందో లేదో జూన్ ఒకటో తేదీ లోపు నాకు జవాబు రావాలి. ఉందంటే ఆవిడతో ఒక చొక్కా కుట్టించుకోవాలి, ఎందుకో చెప్పి అడగాలి, దానికి నాకు కొంత టైము పడుతుంది. లేదన్నా రాయి, బస్సులో వస్తాం, నాకు ఇప్పుడు బస్సెక్కడం వచ్చు. ఏదీ రాయకుండా మాత్రం ఊరుకోకు.

జూన్ ఒకటి. మరవకు.

నీ బావ